కాన్సరు మందు, కందిన చర్మం

కొత్తతరం కాన్సరు మందులు గురి చూసి కణితిని కొడతాయి. ఆ దెబ్బ కొంత చర్మానికీ, గోళ్ళకూ, జుట్టుకూ తగులుతుంది. అది చూసి భయపడి, ఎవరితోనూ చెప్పకుండా మాత్ర మానివేయటమే అన్నిటికంటె పెద్ద ప్రమాదం.

చిన్నమ్మాయి పెళ్ళి ఇంకా ఇరవై రోజులున్నది. ఇంటికి సున్నాలు వేయిస్తున్నారు, శుభలేఖలు పంచుతున్నారు. పెళ్ళికూతురి తల్లి ఏడాదిపాటు దగ్గుతో బాధపడి, చివరకు అది ఊపిరితిత్తుల కాన్సరు అని తేలినప్పుడు ఆ ఇంట పెళ్ళిమాట ఎత్తినవారు లేరు. వంటింటి పొగ తప్ప మరొక పొగ ఎరుగని మనిషి ఆమె. కణితి ముక్క తీసి పరీక్షించిన వైద్యులు, "ఈ రకానికి మాత్ర ఉన్నదమ్మా, రోజుకొకటి వేసుకోవాలి" అన్నారు. మొదలుపెట్టిన పది రోజులకే దగ్గు తగ్గింది. ఆయాసం తగ్గింది. మెట్లెక్కి మేడమీద వడియాలు పెట్టి వచ్చింది. ఆ సంతోషంలోనే ముహూర్తం పెట్టించారు.

మూడో వారం రాకముందే ముక్కుకు రెండు పక్కలా, నుదుటిమీద, గడ్డం కింద ఎర్రని పొక్కులు లేచాయి. రెండు రోజులలో మెడకూ, వీపుకూ పాకాయి. నెత్తిన దువ్వెన పెడితే మంట. "అమ్మవారు పోసినట్టున్నది వదినా, వేపమండలు పెట్టించరాదూ?" అన్నది పొరుగింటి ఇల్లాలు. వరుసకు చెల్లెలయ్యే ఒకామె, ఒడిలో ఆడుకుంటున్న తన పసిబిడ్డను మెల్లగా ఎత్తుకొని అవతలికి వెళ్ళింది. ఆ రాత్రి ఆ తల్లి అద్దం ముందు చాలాసేపు కూర్చున్నది. మరునాటినుంచి మాత్ర వేసుకోవటం మానివేసింది. ఎవరికీ చెప్పలేదు. పెళ్ళి కానిచ్చి మళ్ళీ మొదలుపెడదామనుకున్నది.

ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. ఏ కాన్సరు ఆస్పత్రి వరండాలో కాసేపు కూర్చున్నా పేర్లు మారి, ఊళ్ళు మారి వినిపించే కథ. ఆ పొక్కులు అమ్మవారు కాదు. అంటువ్యాధి కాదు. కాన్సరు చర్మానికి పాకిందన్న గుర్తు అంతకంటె కాదు. అవి మందు వలన వచ్చినవి. చాలావరకు అదుపులో పెట్టదగినవి. కాని ఈ సంగతి ముందుగా చెప్పేవారు లేకపోతే, ప్రాణం నిలిపే మాత్ర పరుపు కిందికో, చెత్తబుట్టలోకో పోతుంది.

పాత మందులు, కొత్త మందులు

కాన్సరు మందు అనగానే మన కళ్ళముందు కదిలే బొమ్మ ఒకటున్నది: జుట్టంతా రాలిపోయిన తల, వాంతులు, నీరసం. అది పాత తరహా కీమోథెరపీ చిత్రం. భీమవరంలో పుట్టి అమెరికాలో పరిశోధనలు సాగించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన అమినాప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సరుతో ఉన్న పసివారికి ఇచ్చి, 1948లో ఫలితాలను ప్రకటించాడు. ఆ దారిలో నడిచిన మందులు ఎన్నో ప్రాణాలు నిలబెట్టాయి. అయితే వాటిలో చాలావాటికి ఒకటే సూత్రం: వేగంగా విభజన చెందే కణం కనిపిస్తే చాలు, దెబ్బ కొట్టటమే. వెంట్రుకల కుదుళ్ళలో కణాలు వేగంగా పెరుగుతాయి కాబట్టి వాటికీ శిక్ష తప్పేది కాదు.

కొత్త మందుల తీరు వేరు. కాన్సరు కణాన్ని అదుపు లేకుండా పెంచుతున్న మీట ఏదో ముందు కనిపెట్టి, ఆ మీటను నొక్కిపట్టటం వీటి పని. అందుకే వీటిని లక్ష్య ఔషధాలు అంటున్నారు. ఆస్పత్రులలో టార్గెటెడ్ థెరపీ అన్న మాటే వాడుకలో ఉన్నది. 2001 మే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందిన ఇమాటినిబ్ వీటిలో పేరు మోసినది. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా అనే రక్తకాన్సరును అది మధుమేహం వంటి, మాత్రలతో నెట్టుకురాగల జబ్బుగా మార్చివేసింది. తరువాత ఊపిరితిత్తుల కాన్సరుకు గెఫిటినిబ్, ఎర్లోటినిబ్. పెద్దపేగు కాన్సరుకు సెటుక్సిమాబ్, పానిటుముమాబ్. మూత్రపిండాల కాన్సరుకు సునిటినిబ్. మూత్రపిండాలకూ, కాలేయానికీ సొరాఫెనిబ్ వచ్చాయి.

మరి గురి చూసి కొట్టే మందు చర్మాన్ని ఎందుకు తాకుతున్నది? గురి తప్పినందువలన కాదు. గురి తప్పనందువలననే. కాన్సరు కణంలో ఉన్న మీటే చర్మంలోనూ ఉన్నది!

ఎలుకపిల్లలు చెప్పిన రహస్యం

ఈ మీట కథ కాన్సరుతో మొదలు కాలేదు. ఎలుకపిల్లల కళ్ళతో మొదలయింది. 1950 దశకం చివర అమెరికా శాస్త్రజ్ఞుడు స్టాన్లీ కోహెన్, ఎలుకల లాలాజల గ్రంథులనుంచి తీసిన సారాన్ని అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు ఎక్కించి చూస్తున్నాడు. ఎలుకపిల్ల సాధారణంగా రెండు వారాలకు గాని కళ్ళు తెరవదు. ఈ పిల్లలు మాత్రం వారం రోజులకే కళ్ళు తెరిచాయి; పళ్ళు కూడా ముందే వచ్చాయి. ఆ సారంలోని ఒక ప్రోటీను చర్మపు పై పొరను త్వరగా ఎదిగిస్తున్నదని కోహెన్ తేల్చాడు. బాహ్యచర్మాన్ని పెంచేది కనుక దానికి ఎపిడెర్మల్ గ్రోత్ ఫాక్టర్ అని పేరు వచ్చింది. ఈ కృషికే ఆయన రీటా లెవీ మొంటాల్చినితో కలిసి 1986లో నోబెల్ బహుమానం అందుకున్నాడు.

ఆ ప్రోటీను వచ్చి తగులుకొనే గ్రాహకాన్ని ఇ.జి.ఎఫ్.ఆర్. అంటారు. కొన్ని ఊపిరితిత్తుల కాన్సర్లలో ఈ గ్రాహకం చెడిపోయి, ఎవరూ నొక్కకుండానే మీట వేసినట్టు పనిచేస్తూ పోతుందని 2004లో తెలిసింది. పొగతాగని వారిలో, స్త్రీలలో, ఆసియా ఖండపు ప్రజలలో ఈ రకం మరింత ఎక్కువ. గెఫిటినిబ్, ఎర్లోటినిబ్ వంటి మందులు ఆ గ్రాహకాన్నే మూసివేస్తాయి. కాని చర్మపు అడుగు పొరలో, వెంట్రుక కుదురులో, గోరు మొదట్లో ఉండే గ్రాహకం కూడా దానితోపాటు మూతపడుతుంది. పుట్టి, ఎదిగి, పైకి వచ్చి రాలిపోవలసిన చర్మకణాల క్రమం చెడుతుంది. చర్మం పలచబడి, తేమ నిలుపుకోలేక, వాపెక్కుతుంది. పొక్కులు లేస్తాయి.

2015లో అమెరికాలో అనుమతి పొందిన ఒసిమెర్టినిబ్, చెడిపోయిన గ్రాహకాన్ని గట్టిగా పట్టుకొని మంచి గ్రాహకాన్ని చాలావరకు వదిలివేస్తుంది. దానితో చర్మబాధ తక్కువ; అసలు లేకపోలేదు.

మొటిమలు కాని మొటిమలు

ఈ పొక్కులు సాధారణంగా మందు మొదలైన ఒకటి రెండు వారాలలో కనిపిస్తాయి. ముఖం, నెత్తి, మెడ, రొమ్ము, వీపు పైభాగం వీటి స్థానాలు. చూడటానికి యౌవనంలో వచ్చే మొటిమల వలె ఉంటాయి గాని, మొటిమలలో కనిపించే నల్లని ముల్లు వీటిలో ఉండదు. దురద, మంట మొటిమలకంటె ఎక్కువ. చాలామంది ఇక్కడే పొరబడతారు. మందుల దుకాణంలో మొటిమల మందు కొని రాస్తారు. మొటిమల మందు చర్మాన్ని ఎండగట్టేది. ఇక్కడ చర్మం అప్పటికే ఎండిపోయి ఉన్నది. ఫలితం, పుండుమీద కారం చల్లినట్టవుతుంది.

ఇంకొందరు ముఖానికి తెలుపు తెస్తాయన్న మిశ్రమ క్రీములు రాస్తారు. వీటిలో తీవ్రమైన స్టిరాయిడ్ కలిసి ఉండవచ్చు. నాలుగు రోజులు చల్లగా అనిపించి, నెలల తరబడి ముఖచర్మాన్ని పాడుచేస్తాయి. స్టిరాయిడ్ క్రీములకు ఈ చికిత్సలో స్థానం లేకపోలేదు. కాని ఏది, ఎంత బలం గలది, ఎన్ని రోజులన్నది వైద్యుడు నిర్ణయించవలసిన విషయం.

పొక్కులు తగ్గిన తరువాత చామనచాయ, నల్లని చాయ గలవారికి ఆ చోట్ల నల్లమచ్చలు మిగులుతాయి. ఇవి నెలలపాటు ఉండి, క్రమంగా పలచబడతాయి. ఎండ తగిలినకొద్దీ ముదురుతాయి.

ఇక్కడ ఒక వింత చెప్పుకోవాలి. ఎర్లోటినిబ్, సెటుక్సిమాబ్ వాడినవారిలో పొక్కులు బాగా లేచినవారికి మందు కూడా బాగా పనిచేసినట్టు అనేక పరిశోధనలలో కనిపించింది. ఈ మాట వింటే రోగికి కొంత ఊరట. అయితే దీన్ని శకునంగా తీసుకోరాదు. పొక్కులు రానంతమాత్రాన మందు పనిచేయటం లేదని అర్థం కాదు. వచ్చినవారు ఓర్చుకొని కూర్చోవాలనీ కాదు. పొక్కులకు చికిత్స చేస్తే కాన్సరు మందు బలం తగ్గుతుందన్న భయానికి ఆధారం లేదు.

గోళ్ళు, అరచేతులు, అరికాళ్ళు

నెలా రెండు నెలలు గడిచాక బాధ గోళ్ళకు చేరవచ్చు. గోటి పక్కన చర్మం వాచి, ఎర్రబడి, ముట్టుకుంటే ప్రాణం పోయినట్టుంటుంది. కాలి బొటనవేలికి ఇది తరచుగా వస్తుంది. చొక్కా గుండీ పెట్టుకోవటం, పప్పులో రాళ్ళు ఏరటం కష్టమవుతాయి. వేళ్ళ కొసలు చీలుతాయి. మెట్టెలు ఒరుసుకొనే వేలికి వాపు వస్తే స్త్రీలు ఓర్చుకుంటారు గాని మెట్టె తీయరు. కొంతకాలం తీసి దాచుకోవటంలో దోషం లేదని ఇంటి పెద్దలే చెప్పాలి. వాపు మరీ పెరిగాక తీయాలంటే కత్తిరించవలసి వస్తుంది.

సొరాఫెనిబ్, సునిటినిబ్ వంటి మందులు అరచేతులను, అరికాళ్ళను పట్టుకుంటాయి. మొదటి నెలలోనే, ఒత్తిడి పడే చోట్ల, అంటే మడమకు, పాదం ముందు భాగానికి, వేళ్ళ మొదళ్ళకు, కాయ కాచినట్టు చర్మం దళసరెక్కి చుట్టూ ఎర్రబడుతుంది. నడిస్తే నిప్పులు తొక్కినట్టుంటుంది. సొరాఫెనిబ్ వాడేవారిలో సుమారు మూడోవంతు మందికి ఇది వస్తున్నదని లెక్క. చెప్పులు లేకుండా ప్రదక్షిణాలు చేసే మొక్కులు, రోకలి పోట్లు, బండమీద బట్టలు బాదటం ఆ కాలంలో వాయిదా వేసుకోవలసిన పనులు.

యూరియా కలిసిన క్రీము ఇక్కడ బాగా ఉపకరిస్తుంది. చైనాలో కాలేయ కాన్సరుకు సొరాఫెనిబ్ వాడుతున్న 871 మందిపై జరిగిన పరిశోధన ఫలితాలు 2015లో వెలువడ్డాయి. 10 శాతం యూరియా క్రీము మొదటి రోజునుంచే రాసుకున్నవారిలో 56 శాతానికి ఈ బాధ రాగా, రాసుకోనివారిలో 73 శాతం పైగా దాని పాలబడ్డారు. క్రీము ఖరీదు స్వల్పం. లాభం చిన్నది కాదు.

నల్లబడిన నెరిసిన జుట్టు

జుట్టు విషయంలో ఈ మందులు చూపే విచిత్రాలు ఇన్ని అన్ని కావు. పాత మందుల వలె తలంతా బోడి చేయటం వీటికి అరుదు. ఇ.జి.ఎఫ్.ఆర్. మందులతో తలవెంట్రుకలు పలచబడి, పీచులాగా ఉంగరాలు తిరుగుతాయి. అదే సమయంలో కనురెప్పల వెంట్రుకలు పొడుగ్గా పెరిగి మెలికలు పడతాయి. చూసేవారికి అందం, వాటిలో ఒకటి లోపలికి తిరిగి కంటిగుడ్డును గీరితే నరకం. వాటిని వైద్యునిచేత కత్తిరించుకోవాలి. కొందరు స్త్రీలకు పెదవిపైన, చెంపలమీద నూగు పెరుగుతుంది. వారు ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోయే బాధ ఇదే.

సునిటినిబ్ కథ ఇంకా వింత. ఈ మందును నాలుగు వారాలు వాడి రెండు వారాలు ఆపే పద్ధతి ఒకటున్నది. వాడిన వారాలలో పెరిగిన వెంట్రుక తెల్లగా, ఆపిన వారాలలో పెరిగినది నల్లగా వస్తుంది. ఒకే వెంట్రుకమీద తెలుపు, నలుపు పట్టెలు! తలవెంట్రుకే చికిత్స పంచాంగం అవుతుందన్నమాట. రంగునిచ్చే కణాలను నడిపే 'కిట్' అనే మీటను ఈ మందు మూసివేయటమే కారణం.

ఇమాటినిబ్ కూడా 'కిట్' మీటనే మూస్తుంది. అందుకే అది వాడే మన దేశీయులలో చర్మపు చాయ తేలికపడటం వైద్యులు తరచుగా చూస్తారు. కొందరు ఒళ్ళు తెల్లబడిందని మురిసిపోతారు. కొందరు బొల్లి అని హడలిపోతారు. అది బొల్లి కాదు. మోతాదు తగ్గించినా, ఆపినా చాయ తిరిగి వస్తుంది. అయితే అందుకోసం ఆ మాత్రను ఆపకూడదు. ఇంతకూ ఇదే ఇమాటినిబ్ వాడిన 133 మందిలో 9 మందికి నెరిసిన జుట్టు తిరిగి నల్లబడిందని ఫ్రెంచి వైద్యులు 2002లో ప్రకటించారు! చర్మాన్ని తెలుపు చేసే మందు జుట్టును నలుపు చేయటం ప్రకృతి వేసిన పొడుపుకథ.

ముందుజాగ్రత్తే మందు

పొక్కులు వచ్చాక పరుగెత్తటం కంటె, రాకముందే కాచుకోవటం మేలని 2010లో ప్రకటించిన ఒక పరిశోధన తేల్చింది. పెద్దపేగు కాన్సరుకు పానిటుముమాబ్ తీసుకొనే రోగులను రెండు భాగాలు చేశారు. ఒక భాగంవారు చికిత్సకు ముందురోజునుంచే ఒంటికి తేమనిచ్చే క్రీము, ఎండను ఆపే క్రీము, 1 శాతం హైడ్రోకార్టిసోన్ క్రీము రాసుకుంటూ, డాక్సీసైక్లిన్ మాత్రలు వేసుకున్నారు. రెండోభాగం వారికి బాధ వచ్చాక చికిత్స చేశారు. ఆరు వారాలలో ఒక మోస్తరు లేదా అంతకు మించిన చర్మబాధ రెండో భాగంలో 62 శాతానికి రాగా, మొదటి భాగంలో 29 శాతానికే వచ్చింది. సగానికి సగం తగ్గిందన్నమాట.

కనుక మందు చీటీ చేతికి వచ్చిన రోజుననే "చర్మానికి ముందుజాగ్రత్త ఏమి తీసుకోవాలి?" అని అడగండి. ఇంట్లో ఎవరైనా పాటించదగినవి కొన్ని ఉన్నాయి.

స్నానం గోరువెచ్చని నీళ్ళతో చేయాలి. మరుగునీళ్ళు వద్దు. సున్నిపిండితో నలుగుపెట్టి రుద్దటం, పీచుతో తోమటం ఈ కాలంలో పనికిరావు. కుంకుడుకాయ రసం నెత్తిని ఎండగడుతుంది, కళ్ళలో పడితే మండుతుంది. దానికి బదులు పసిపిల్లలకు వాడే మెత్తని షాంపూ మేలు. ఒళ్ళు తుడుచుకున్న వెంటనే, తడి పూర్తిగా ఆరకముందే వాసన లేని తేమ క్రీము రాయాలి.

ఎండలో గొడుగు, నిండు చేతుల నూలు బట్ట అవసరం. ఎండకు రాసుకొనే క్రీము ఇంటినుంచి బయలుదేరే ముందు రాయాలి. డాక్సీసైక్లిన్ వాడేవారికి ఈ జాగ్రత్త రెండింతలు ఉండాలి; ఆ మాత్రే చర్మాన్ని ఎండకు కందేటట్టు చేస్తుంది. దాన్ని నిండుగా నీళ్ళతో, కూర్చొని మింగాలి, పాలతో వేసుకోకూడదు. గర్భిణులకు అది తగదు.

గోళ్ళు తిన్నగా కత్తిరించాలి; మూలలు లోపలికి తవ్వకూడదు. ఇరుకు చెప్పులు మానాలి. అంట్లు తోమేటప్పుడు, బట్టలు ఉతికేటప్పుడు నూలు తొడుగుమీద రబ్బరు తొడుగు వేసుకోవాలి. జిగురు బొట్టుబిళ్ళ కింద పుండు పడితే కొంతకాలం వాటిని మానాలి. తలకు వేసే రంగులు, నల్ల గోరింట పేరుతో అమ్మే పొడులు కందిన చర్మంపై మంటలు రేపుతాయి. వేపాకు, పసుపు ముద్దలు మంచివే అన్న నమ్మకంతో పగిలిన చర్మంమీద పట్టించటం కూడా కూడదు.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం రేపటిదాకా ఆగకూడదు: జ్వరంతో కూడిన దద్దురు, ఒళ్ళంతా బొబ్బలు, చర్మం పొరలు ఊడటం, నోటిలోనో కళ్ళలోనో పుండ్లు, చీము, ఎర్రబడి నొప్పెట్టే కన్ను. ఇవి అరుదు గాని ప్రమాదకరం. అదే రోజున ఆస్పత్రికి వెళ్ళాలి.

చర్మబాధ తీవ్రమైతే వైద్యులే కొద్దిరోజులు కాన్సరు మందు ఆపి, మళ్ళీ తక్కువ మోతాదులో మొదలుపెడతారు. అది లెక్క ప్రకారం ఆపటం. రోగి తనంతట తాను మానివేయటం వేరు. మీట మీదినుంచి చేయి తీసిన మరుక్షణం కాన్సరు కణం తన పని తాను చూసుకుంటుంది.

అందుబాటులోకి వచ్చిన మాత్ర

ఈ మాత్రలు మన చేతికి తేలికగా రాలేదు. ఇమాటినిబ్ మొదట్లో నెలకు లక్ష రూపాయల పైమాట. హైదరాబాదుకు చెందిన నాట్కో వంటి భారతీయ సంస్థలు దాన్ని పదివేల రూపాయల దరిదాపులకు తెచ్చాయి. దానిపై పేటెంటు కావాలన్న నోవార్టిస్ కంపెనీ వాదనను సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న తోసిపుచ్చింది. అంతకు ముందు సంవత్సరం, 2012 మార్చిలో, సొరాఫెనిబ్ తయారీకి భారత ప్రభుత్వపు పేటెంటు అధికారి నాట్కోకు దేశంలోనే మొట్టమొదటి నిర్బంధ లైసెన్సు ఇచ్చాడు. నెలకు 2,80,000 రూపాయలకు పైగా ఉన్న మందు 8,880 రూపాయలకు దిగింది.

న్యాయస్థానాలలో ఏళ్ళతరబడి పోరాడి తెచ్చుకున్న మాత్ర, ముఖంమీది నాలుగు పొక్కులకు వెరచి మూలపడితే అంతకంటె విచారం ఏమున్నది?

ఇంతకూ ఆ పెళ్ళికూతురి తల్లి సంగతి. మాత్రల అట్ట లెక్క తప్పిందని ఇటువంటి ఇళ్ళలో కనిపెట్టేది తరచు కూతురే. ఆరు మాత్రలు మిగిలి ఉన్నాయి. నిలదీస్తే కన్నీళ్ళు, ఆ తరువాత నిజం. మరునాడే ఆస్పత్రికి ప్రయాణం. వైద్యుడు మందలించలేదు. "ఇది ముందే చెప్పవలసిన మాట. చెప్పకపోవటం మా తప్పు" అన్నాడు. రాయటానికి రెండు క్రీములు, వేసుకోవటానికి ఒక మాత్ర ఇచ్చి, కాన్సరు మాత్ర తిరిగి మొదలుపెట్టించాడు.

పెళ్ళినాటికి పొక్కులు చాలావరకు అణగినవి. మచ్చలు ఉన్నవి. కన్యాదానం వేళ పీటలమీద కూర్చున్న ఆ తల్లి ముఖాన ఆ మచ్చలు ఫోటోలలో స్పష్టంగా కనిపిస్తాయి. వాటిని చెరిపించుదామన్నాడు ఫోటోలు తీసినతను. "వద్దు, మా అమ్మ అలాగే ఉండనీ" అన్నది కూతురు.